అడగకుండానే చెప్పేసే సర్వర్

మొన్న మా అమ్మాయి వెబ్‌సైట్లు చేసే పిహెచ్‌పి భాష నేర్చుకుంటూ, తాను ఎక్కడా ప్రకటించని వేరియబుల్స్, అంటే సమాచారం పెట్టుకునే డబ్బాలు, ముందే నిండిపోయి ఎలా ఉన్నాయమ్మా అని అడిగింది. నవ్వొచ్చింది గానీ, వెంటనే పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్రొద్దుటూరులో మా మేనమామ నడిపే కంప్యూటర్ సెంటరులో నేను పాఠాలు చెప్పేదాన్ని. ప్రోగ్రాములో ఎక్కడ నిలబడి పిలిచినా పలికే ఆ వేరియబుల్స్ గురించి సెంటరుకొచ్చే పిల్లలకు పెద్దగా విడమరచనక్కర్లేకపోయేది. మనిషి నోరు తెరవకముందే అతనిది ఏ వర్గమో, ఏ పార్టీయో ఊరందరికీ తెలిసిపోతుంది కదా, ఇవీ అంతే అనేదాన్ని.

అప్పట్లో ఒక పార్టీ నాయకుడికి వెబ్‌సైటు చేసిచ్చాం, జనం పేరు లేకుండా కష్టాలు రాసుకునే పేజీ పెట్టి. జమ్మలమడుగు వైపు నుంచి ఎవరో, ఊరి బోరును ఆ నాయకుడి మనుషులే ఆక్రమించుకున్నారని రాశారు. మర్నాడు పొద్దున్నే ఆ నాయకుడి అనుచరుడొకడు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"యాడ నుంచి రాసినారో మీ కంప్యూటర్‌కు తెలుస్తాదంట గదమ్మా. అది చెప్పు, సాలు."

తెలుస్తుంది. సర్వర్ అనే వేరియబుల్, రాసిన కంప్యూటర్ అడ్రసును అడగకుండానే పట్టుకొచ్చేది, మా పేజీ దాన్ని నమోదు చేసి ఉంచేది. ఆ తీగ లాగితే నెట్ సెంటరు, అక్కడ గద్దిస్తే మనిషి. మా వైపు ఆ ముఠాకక్షల రోజుల్లో పేరు చెప్పడమంటే ప్రాణం తీసి చేతిలో పెట్టడమే.

"చూపీ పాపా, అన్నకు," అన్నాడు మామ.

అసలు సైటు జోలికి పోకుండా, పాఠం కోసం మా కంప్యూటర్లోనే పెట్టుకున్న నకలు తెరిచి, అదే సైటన్నట్టు చూపించాను. రాసేదీ అందుకునేదీ ఆ ఒక్క కంప్యూటరే గనక, అందులో ఎవరు రాసినా నూట ఇరవై ఏడుతో మొదలయ్యే ఒకే అడ్రసు వస్తుంది. మామ చేత రాయించాను, నేను రాశాను, చివరికి ఆ అనుచరుడి చేత కూడా రెండు ముక్కలు కొట్టించాను.

"ఏంది, నాదీ ఇదేనా?"

"అందరికీ అదే వస్తాదన్నా."

అతను గొణుక్కుంటూ వెళ్లాడు. వెంటనే అసలు సైటులో నమోదైన అడ్రసులన్నీ తుడిచేశాను. ఆ తర్వాత చాలా రోజులు, వీధిలో జీపు ఆగితే చాలు, పాఠం మధ్యలో మాట తడబడేది.

ఇప్పుడు మా వైపు బాంబుల మోత తగ్గింది, సంతోషమే. కానీ ఇప్పటి పిల్లలు నాయకుణ్ణి తిట్టినా పొగిడినా ఫోటోతో, ఊరి పేరుతో సహా తామే పెట్టేస్తున్నారు, అది ఎన్ని చోట్ల నిలిచిపోతుందో ఎవరికీ తెలియదు, తుడుద్దామన్నా చెయ్యి అందదు. బోరు గురించి రాసిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. ఒక మనిషి బతకడానికి అప్పట్లో, నాకు ఆ పేరు తెలియకపోవడమే సరిపోయింది.