ఎడమవైపు చూపు

పద్యనాటకంలో ఆ నటుడి పాత్ర చచ్చిపోయాక కూడా, జనం వన్స్‌మోర్ అంటే లేచి కూర్చుని అదే పద్యం మళ్ళీ పాడేవారు. ఎత్తుకునే ముందు శ్రుతి కోసం ఎడమవైపు చూసేవారు. హార్మోనియం అక్కడే ఉండేది. తర్వాత సినిమాల్లో తండ్రి వేషాలకు వెళ్ళారు. ఎన్ని టేకులడిగినా ఏడ్చేవారు. అందుకే విలేకరిగా నాకు ఆయన కన్నీళ్ళ మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

ఆయనకు జీవితమంతా హార్మోనియం వాయించినాయన మొన్నామధ్య వన్‌టౌన్‌లో పోయారు. నటుడు వచ్చి శవం పక్కన భోరుమన్నారు. ఆలస్యంగా వచ్చిన టీవీ కెమెరామన్, "సార్, ఒక్కసారి మళ్ళీ" అన్నాడు. ఆయన కండువా సర్దుకుని అచ్చం అలాగే ఏడ్చారు.

పెద్దకర్మ నాడు హార్మోనిస్టు భార్య నన్ను పక్కకు పిలిచారు.

"మీరు పేపరాయన కదండీ. ఆ ఏడుపు నిజమేనంటారా? మా ఆయన ఈయనే లోకమనుకుని బతికాడండీ."

"నాకూ అనుమానమేనమ్మా."

ఆవిడ తిన్నగా నటుడి దగ్గరికే వెళ్ళారు. "అన్నయ్యగారూ, ఆయనకిష్టమైన పద్యం ఒక్కటి పాడండి."

ఆయన గొంతు సవరించుకుని, అలవాటుగా ఎడమవైపు చూశారు. అక్కడ గోడకు ఆనించిన షామియానా కుర్చీలున్నాయి. అటే చూస్తూ ఉండిపోయారు. పద్యం ఎత్తుకోలేదు. కన్ను మాత్రం తడవలేదు.

ఇది కూడా వేషమేమోనని ఆయన ముఖంలో వెతికాను. నా అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు.

"చాల్లెండి అన్నయ్యగారూ, భోజనానికి లేవండి" అన్నారావిడ. ఇంటివాళ్ళ వరుసలో ఆయనకు విస్తరి వేయించారు.