మా అన్న ఎర్ర పెన్ను

మా అన్న చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉండేది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నాకున్నది కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు లేవలేని దిగులు తెచ్చే బైపోలార్ జబ్బని తిరుపతి డాక్టరమ్మ తేల్చి, రోజూ మాత్ర మింగుతున్నానో లేదో రాసిపెట్టమని ఆయనకు చెప్పింది. ఆ రోజు నుంచి కాణిపాకంలో మా టెంకాయల అంగడి గోడకున్న క్యాలెండరు ఆయన సొంతమైపోయింది. మింగితే రైటు, మానితే ఇంటూ.

నేను మింగుతుంటే ఆయన ఒక్కనాడూ చూడలేదు. నా మొహం చూసి గీత గీసేవాడు. బేరానికొచ్చినవాళ్లతో గట్టిగా నవ్వితే ఇంటూ. కుళ్లిన కాయలు అంటగట్టొద్దని నేను వాదించిన రోజు, కొనేవాళ్ల ముందే పెన్ను తీశాడు.

"ఈ పొద్దు మాత్ర ఏసుకోలేదా అబ్బా?"

పొద్దున్నే, ఇడ్లీ తినగానే వేసుకున్నాను. వేసుకున్నా ఇంటూ పడేటప్పుడు ఇంకెందుకని ఆ రోషంలో మానేశాను. కొన్నాళ్లకు మంచం దిగలేకపోయాను. స్నానం లేదు, అంగడికి పోయింది లేదు, ఎవరితోనూ మాట లేదు. ఆ నెలంతా క్యాలెండరులో వరసగా రైట్లే.

నెల తిరిగాక అన్న నన్ను, గోడమీది క్యాలెండరును తిరుపతికి తీసుకుపోతే, డాక్టరమ్మ దాని పక్కన నా రక్తపరీక్ష కాగితం పెట్టి చూసింది.

"రక్తంలో మందు జాడే లేదే?" అంది.

అన్న నా వైపు తిరగనైనా లేదు.

"నెలంతా మావోడు నోరెత్తలేదు మేడం," అన్నాడు. "మీ మిషనే తప్పు సూపించినట్టుండాది."