నీళ్ళు పోయే వైపు

మా తమ్ముడు జీవరాజు ఆదరణ కూడికలో సంఘపెద్ద శాంతికుమార్ ఒక కాగితం చదివాడు. ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు బాప్తిస్మం అయింది, కడియం నర్సరీల్లో ఎన్నేళ్ళు పనిచేశాడు, భార్య సూర్యకళ ఏ సంవత్సరం ప్రభువునందు నిద్రించింది, అన్నీ అందులో ఉన్నాయి. చివర్లో, ప్రమాదవశాత్తూ కొండ మీద నుంచి పడి మరణించాడని ఒక ముక్క. ఆ కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు. మా తమ్ముడు కూడా లేడు. నేను మూడో తరగతి దాటలేదు. అయినా వాడి గురించి రాయాల్సింది నేనే. ఆ రోజుకు వాడు ఎలా పోయాడో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మా నాన్న ఏసుపాదం కాలవ లస్కరు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం, గట్లు కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. లాకు పక్కనే గవర్నమెంటు వాళ్ళిచ్చిన రెండు గదుల ఇంట్లో మేం పుట్టాం. జీవరాజుకు ఏడాది నిండకుండానే అమ్మ పోయింది. అప్పటికి నాకు పదేళ్ళు. బడి మానేసి వాణ్ని చంకనేసుకున్నాను. నడిపించింది నేను, తినిపించింది నేను, కొట్టింది కూడా నేనే.

వాడికి ఆరేళ్ళప్పుడు పక్కూరి సంతలో తప్పిపోయాడు. సంతంతా గాలించి, ఏడ్చుకుంటూ ఇంటికొస్తే, పొద్దువాలే వేళకు లాకు మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"ఎలాగొచ్చావురా?" అన్నాను.

"నువ్వే చెప్పావు గదక్కా. దారి తెలీకపోతే కాలవ గట్టెక్కి నీళ్ళు పోయే వైపు నడవమని."

ఆ మాట మా నాన్న నాకు చెప్పాడు, నేను వాడికి చెప్పాను. మా వైపు అది బైబిలు వాక్యమంత నిజం. నీళ్ళు పోయే వైపు లాకుంటుంది, లాకు దగ్గర ఊరుంటుంది, ఊళ్ళో మనల్ని ఎరిగినవాడు ఒకడైనా ఉంటాడు. నా తమ్ముడి తెలివి చూశారా అని ఆ వారమంతా వాడకట్టు మొత్తం చెప్పుకు తిరిగాను. తెలివి వాడిదన్నానే గానీ, నేర్పింది నేనని వాళ్ళకు తెలియాలనే నా తాపత్రయం.

పదో తరగతి తప్పాక జీవరాజు నర్సరీలో అంట్లు కట్టే పనిలో చేరాడు. బ్లేడుతో మామిడి కొమ్మను చెక్కి, మొక్కకు అతికించి, తెల్లటి పాలిథీన్ పట్టీతో బిగించి చుట్టాలి. గాలి చొరబడితే అంటు చస్తుంది. వాడు కట్టినవి వందలో అయిదు కూడా చచ్చేవి కావు. ఏ రాష్ట్రానికి లోడు వెళ్ళినా, అంట్లు జీవరాజు కట్టినవేనా అని ఓనరు బంగార్రాజు గారు అడిగాకే లారీ కదిలేది. నలభై ఏళ్ళు నేల మీద గొంతుక్కూర్చుని పనిచేసిన మనిషి. వాడు చూసిన ఎత్తల్లా కాలవ గట్టే.

సూర్యకళ పోయిన మరుసటి ఏడు బంగార్రాజు గారు జీలుగు గింజల కోసం వాణ్ని మారేడుమిల్లి అవతలకు పంపించారు. అక్కడొక చిన్న ఊళ్ళో లచ్చిరెడ్డి అనే కొండరెడ్డి మనిషి గింజలు ఏరి ఇచ్చాడు. పని రెండు గంటల్లో అయిపోయింది. వీడు తలెత్తి కొండను చూసి, పైన ఏముందని అడిగాడట. ఏమీ లేదు, దారి కూడా లేదు అన్నాడట లచ్చిరెడ్డి. అయితే పద అన్నాడట మావాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళలో పదిహేడు కొండలెక్కాడు. మెట్లు కట్టినవి కావు, బస్సులాపి ఫోటోలు దిగేవి అసలే కావు. కాలిబాట లేనివి, అడవి పై దాకా కప్పేసినవి. వెదురు పొదల్లో దూరి, తీగలు పట్టుకుని, బండల మీద పాకి ఎక్కేవాడు. ఇంటికొచ్చేసరికి చేతులంతా గీతలు, కాళ్ళ మీద జలగలు పట్టిన మచ్చలు, మెడ నిండా దూలగొండి దద్దుర్లు. నా మొగుడు పోయినప్పట్నుంచి నేను వాడి పక్కింట్లోనే ఉంటున్నాను కాబట్టి కొబ్బరినూనె రాసే పని నాది, తిట్టే పనీ నాదే.

"అక్కడ చర్చి ఉందా?"

"లేదు."

"పోనీ గుడుందా?"

"లేదక్కా."

"టీ కొట్టన్నా ఉందా? మరి దేనికెక్కుతున్నావురా, నీ తలకాయ!"

"సూర్యకళ పోయాక ఊళ్ళో అందరూ నన్ను జాలిగా చూస్తన్నారక్కా. చెట్లు చూడవు."

"నేనూ జాలిగా చూస్తన్నానా?"

"నువ్వు తిడతావు. అదే నయం."

కొండెక్కేటప్పుడు జేబులో అంటు పట్టీలు పెట్టుకునేవాడు. ఎటు వచ్చామో మర్చిపోతానేమో అనిపించిన చోటల్లా కొమ్మకు ఒక పట్టీ కట్టేవాడు. దిగేటప్పుడు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చేవాడు. ఒక్కటి కూడా వదిలేవాడు కాదు. మనం వెళ్ళినట్టు కొండకు తెలియకూడదక్కా అనేవాడు. అడవిలో కొండ మీద మాత్రమే సిగ్నల్ దొరుకుతుందని పై నుంచి ఫోను చేసేవాడు.

"అక్కా, ఎక్కాను."

"దిగు మరి."

అంతే మా మాటలు. నన్ను కూడా రమ్మని ఏటా బతిమాలేవాడు. నీ కోసం చిన్న కొండ ఒకటి చూసిపెట్టాను, నువ్వు కూడా ఎక్కగలవు అనేవాడు. నేను చచ్చాక పెట్టె మోసుకెళ్ళి అక్కడే పాతెయ్యరా అనేదాన్ని. వాడు నవ్వేవాడు. ఒక్కసారి వెళ్ళి ఉంటే కొండ మీద నీళ్ళు ఎలా ఉంటాయో చూసేదాన్ని.

పోయిన నవంబరులో పద్దెనిమిదో కొండకు వెళ్ళాడు. ఆ రోజు లచ్చిరెడ్డికి చలిజ్వరం. నేను లేవలేను, ఇంకో వారం ఆగు అన్నాడట. మావాడు ఆగలేదు. సరే, వెళ్తే వెళ్ళావు, కొండ వెన్ను మీదే ఎక్కి వెన్ను మీదే దిగు, నీళ్ళెంట మాత్రం దిగొద్దు అని చెప్పి పంపించాడట. ఒంటిగంటకు నాకు మామూలుగానే ఫోనొచ్చింది. ఎక్కాను అన్నాడు, దిగు మరి అన్నాను. మూడు గంటలకు మళ్ళీ మోగింది.

"మంచు కమ్మేసిందక్కా. పట్టీలు కొన్ని విప్పుకుంటా వచ్చాను. తర్వాతది దొరకటం లేదు. తెల్ల మంచులో తెల్ల పట్టీ ఏం కనబడుద్ది?"

"ఇప్పుడేం చేస్తావు?"

"కదలకుండా కూర్చుంటాను. విడిపోతే దిగుతాను, లేదంటే పొద్దున్నే."

"తడిసిన బట్టల్తో తెల్లార్లూ అడవిలో కూర్చుంటావా? అరవై దాటినోడివి, బుద్ధుందా? ఏదన్నా చప్పుడు వినబడుతోందా నీకు?"

"ఎడం పక్కన నీళ్ళ చప్పుడుంది."

"మరింకేం! నీళ్ళెంట దిగు."

"లచ్చిరెడ్డి వద్దంటాడక్కా."

"నిన్ను పెంచింది లచ్చిరెడ్డా, నేనా? నీళ్ళు ఎక్కడికి పోతాయిరా? ఊళ్ళోకి పోతాయి, గోదాట్లోకి పోతాయి. లస్కరు కొడుకువై ఉండి నాచేత చెప్పించుకుంటావేంటి?"

వాడు నవ్వాడు. "సరేలే అక్కా. దిగాక చేస్తాను."

చెయ్యలేదు.

మూడో రోజు దొరికాడు. జ్వరం తగ్గీ తగ్గకుండానే లచ్చిరెడ్డి ఊళ్ళోవాళ్ళను వెంటబెట్టుకెళ్ళి వెతికాడు. వాగు వెంటే దిగుతూ వచ్చాడట మావాడు. ఒకచోట వాగు తాటిచెట్టంత ఎత్తు నుంచి దూకుతుందట. మంచులో అంచు కనబడి ఉండదు. చొక్కా జేబులో తొమ్మిది పట్టీలు మడతపెట్టి ఉన్నాయి. మిగిలినవి పైన చెట్లకే ఉండిపోయాయి.

ఊళ్ళోవాళ్ళంతా లచ్చిరెడ్డిని అన్నారు. జ్వరమూ లేదు, పాడూ లేదు, కల్లు తాగి పడుకుని మనిషిని ఒంటరిగా తోలేశాడన్నారు. పోలీసులు అతన్ని పిలిపించి రెండు రోజులు కూర్చోబెట్టారు. చివరి ఫోను ఎప్పుడొచ్చిందమ్మా అని నన్నూ అడిగారు. మంచు పట్టిందన్నాడండి, సిగ్నల్ పోయిందండి అన్నాను.

సమాధి కార్యక్రమం నాడు లచ్చిరెడ్డి రెండు బస్సులు మారి వచ్చాడు. లోపలికి రాకుండా ప్రహరీ పక్కన నిలబడ్డాడు. జీవరాజు కొడుకు ఆరోన్ అతన్ని చూసి పరుగున వెళ్ళాడు.

"ఎందుకొచ్చావయ్యా? ఇంకా ఎవరున్నారని తీసుకెళ్ళడానికి?" అని రొమ్ము మీద చెయ్యేసి నెట్టాడు.

లచ్చిరెడ్డి తువ్వాలు భుజాన వేసుకుని వెనక్కి నడిచాడు. నేను పెట్టె పక్కన కూర్చుని అంతా చూశాను. వీధి కుళాయి దగ్గర ఎంతమంది నోళ్ళు మూయించానో లెక్కలేదు. ఆ రోజు నా నోరు పెగల్లేదు.

మూడు నెలలు అలాగే గడిపాను. ప్రతి ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్న ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, ఆ కొండోణ్ని దేవుడే చూసుకుంటాడులెండి దేవకుమారమ్మ గారూ అని ఓదార్చేవారు. నేను ఊఁ అనేదాన్ని. చివరికి ఫిబ్రవరిలో ఒక రోజు, మీ నాన్న పోయిన చోటు చూడాలి, తీసుకెళ్ళరా అని ఆరోన్‌ని అడిగాను. నీకు నడుం నొప్పి గదా అత్తా అంటూనే తీసుకెళ్ళాడు.

లచ్చిరెడ్డి మమ్మల్ని చూసి మంచం వాల్చాడు. ఆరోన్ కూర్చోలేదు. మంచినీళ్ళిస్తే తాగలేదు. నేను చెంబు తీసుకుని తాగి, కింద పెట్టి, ఫోనులో వాడన్నదీ నేనన్నదీ మొత్తం చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

లచ్చిరెడ్డి ఆ చెంబు తీసి గోడ పక్కన పెట్టాడు.

"ఎక్కిన ప్రతిసారీ చెప్పాను అతనికి. అయినా ఎందుకు దిగాడా అని రోజూ అనుకుంటున్నాను. నా మాట మీద నమ్మకం లేదేమో అనుకున్నాను" అన్నాడు.

"నీ మాట నమ్మాడయ్యా. నన్ను కాదనలేకపోయాడు" అన్నాను.

ఆరోన్ నా వైపు చూశాడు. కోప్పడితే బాగుండేది. వెళ్ళి ఊరి చివర నిలబడ్డాడు.

నీ తప్పేముందమ్మా అని లచ్చిరెడ్డి అనలేదు. అంటాడని నేను ఎదురు చూడనూ లేదు. కాసేపటికి, "చెట్లకు పట్టీలు అలాగే ఉన్నాయి. మీ మనిషివి గదా, మిమ్మల్నడక్కుండా ముట్టుకోలేదు. విప్పెయ్యమంటారా?" అన్నాడు.

"విప్పెయ్. వాడికి వదిలి రావడం ఇష్టం లేదు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. నేనూ వస్తాను అని ఆరోన్ లచ్చిరెడ్డితో అన్నాడు గానీ నాతో అనలేదు. ఆ ఊళ్ళో సిగ్నల్ అందేది బడి అరుగు మీదొక్కటే. లచ్చిరెడ్డి భార్య నన్ను అక్కడ కూర్చోబెట్టి పోయింది. అరుగు ముందు నుంచే ఆ వాగు పోతోంది. మోకాలి లోతు కూడా లేదు. మా పొలాల్లో బోదె కాలవ ఎలా పోతుందో అలాగే మెల్లగా పోతోంది. ఎక్కడి నుంచి పడి వచ్చిందో చూస్తే తెలియదు. ఊళ్ళోకే వచ్చింది. నేను చెప్పినట్టే వచ్చింది.

ఒంటిగంట దాటాక ఫోను మోగింది. నిన్నటి నుంచి నాతో పలకని ఆరోన్.

"అత్తా, ఎక్కాం."

దిగు మరి అనబోయి ఆగిపోయాను.

"లచ్చిరెడ్డి ముందు నడవాలి, నువ్వు వెనకే దిగాలి. అతను ఎటంటే అటే. నన్నేమీ అడక్కు" అన్నాను.

ఫోనులో గాలి చప్పుడు, దానికింద ఎక్కడో నీళ్ళ చప్పుడు. కాసేపటికి, "సరే అత్తా" అన్నాడు.

పొద్దు వాలకముందే దిగొచ్చారు. ఆరోన్ పిడికిలి విప్పి పట్టీలు నా ఒళ్ళో పోశాడు. ముప్ఫై ఒకటి. ఇంటి నుంచి తెచ్చిన తొమ్మిదీ వాటితో కలిపి కొంగున ముడేసుకున్నాను. ముగ్గురం బస్సు ఆగే చోటుకు నడిచాం. దారి వాగు పక్కనే పోతుంది. నేను లచ్చిరెడ్డి వెనకాల నడిచాను.