పాపకు రోజూ శనివారమే

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఐదేళ్ళ మనవరాలు ఇడ్లీల ముందు కూర్చుని, పొట్ట లోపలికి లాక్కుని, లావైపోతాను అమ్మమ్మా, ఒకటి చాలు అన్నది. ఎదురుగా మా అమ్మాయి కీరా ముక్కలు తింటోంది. ఏడాదిగా పిల్ల బరువు పెరగలేదని డాక్టరు అన్నాడట. ఇంట్లో ఎవరూ ఆ మాట నేర్పలేదమ్మా అని మా అమ్మాయి పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేర్పనక్కరలేదని నాకు తెలుసు. నలభై ఏళ్ళ నాటి నా తప్పు గుర్తుకొచ్చింది.

అప్పుడు మేము చింతాద్రిపేటలో, అత్తగారితో కలిసి ఉండేవాళ్ళం. రెండో కాన్పు తరువాత నాకు ఒళ్ళు వచ్చింది. జార్జి టౌన్‌లో ఒక పెళ్ళికి పోతే మా ఆడపడుచు పదిమందిలో నా నడుము పట్టుకుని, “ఏంది వదినా, ధాన్యం బస్తా మాదిరి అయిపోయినావు, అన్నకు ఇంక చోటేడుంది ఇంట్లో?” అన్నది. అందరితో పాటు నేనూ నవ్వాను గాని, ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను.

మా ఇంట్లో శనివారం ఒంటిపూట ఉండడం ఎప్పటినుంచో ఉన్నదే. సన్నబడాలని అన్నం మానేస్తున్నానని చెప్పుకోవడానికి సిగ్గేసి, శనివారానికి సోమవారం కలిపాను, శుక్రవారం కలిపాను, ఏకాదశి ఎలాగూ ఉన్నది. ఇంత భక్తి ఎప్పుడొచ్చిందే అని ఇరుగుపొరుగు మెచ్చుకుంటుంటే, బడికి పోకపోయినా మా నాయన ఇంట్లో కూర్చోబెట్టి చదివించిన స్తోత్రాలన్నీ ఇంకాస్త గట్టిగా చదివేదాన్ని. స్వామి ఎలా ఓర్చుకున్నాడో!

నాలుగేళ్ళ మా పెద్దది, ఇప్పుడు కీరా ముక్కలు తినే ఈ అమ్మాయే, నా వెంటే తిరిగేది. ఒకనాడు పప్పన్నం కలిపి నోటికి అందిస్తే మూతి బిగించి, “నాకీ పొద్దు శనివారం” అన్నది. అది మంగళవారం. ముచ్చటపడి ముద్దు పెట్టుకున్నాను, మతి లేనిదాన్ని. మరునాడూ దానికి శనివారమే, ఆ మరునాడూ శనివారమే.

పిల్లకు నీళ్ళు పోసేది మా అత్తగారు. నెల తిరిగేసరికి దాని మొలతాడు తుంటి మీదికి జారిపోతుంటే రెండుసార్లు ముడి బిగించారు. మూడోసారి తడిచేతులతోనే పిల్లను ఎత్తుకుని వంటింట్లోకి వచ్చి, “ఏమ్మా, నిన్ను అన్నం మానమనింది దేవుడా, అద్దమా? ఈడ బిడ్డ ఎండిపోతా ఉంది, చూడు” అన్నారు.

ఆవిడ ఇంకేమీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఒకే కంచంలో అన్నం, పప్పు, ఇంత నెయ్యి వేసి కలిపి మొదటి ముద్ద నా నోట్లో పెట్టారు. నేను నమిలి మింగేదాకా పిల్ల నా గొంతుకేసే చూసింది. రెండో ముద్దకు అదే నోరు తెరిచింది. అలా నెలల తరబడి మా ఇద్దరికీ ఆవిడ చేతి ముద్దలే. మొలతాడు మళ్ళీ వదులు చేయాల్సి వచ్చిన రోజున నేను స్వామికి లెంపలు వేసుకుని, ఆయన పేరు పెట్టి చేసిన దొంగ ఉపవాసాలన్నీ ఒప్పుకున్నాను. నా ఒళ్ళు తగ్గలేదు. అటువంటి అత్తగారిని ఇచ్చినందుకు ఆయనకు ఈనాటికీ దండం పెట్టుకుంటూనే ఉన్నాను.

ఇదంతా మొన్న మా అమ్మాయికి చెప్పాను. తనకేమీ గుర్తులేదట. పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. మధ్యాహ్నం నేనే అన్నం కలిపాను. ఈ రోజుల్లో ఎవరి ప్లేటు వారిది, ఎవరి కొలత వారిది. మంచిదే కావచ్చు, కాదనను. ముద్ద చేతిలో పట్టుకుని, పెట్టమంటావా అమ్మా అని నేను కన్న బిడ్డనే అడిగాను. మా అత్తగారు నన్ను అడగలేదు. అడిగివుంటే వద్దనేదాన్ని.