జర్గు జర్గు పాట

మొన్న ఎండల్లో ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. సెలవులకు వచ్చిన నా కూతురు లోపల మంచం మీద దొర్లుతూ ఫోన్లో ఏదో వింటోంది. ఈ కాలం పిల్లలు వినేవాటి మీద నాకు పెద్ద గౌరవం లేదు. కానీ ఆ మధ్యాహ్నం లోపలినుంచి వచ్చిన రాగం వినగానే నా చెయ్యి ఆగిపోయింది. దోమకు సంగీతం నేర్పినట్టు సన్నగా, చలాకీగా ఉంది. లేచి వెళ్లి గడపలో నిలబడి, అది నీకెక్కడిదే అని అడిగాను. పాత వీడియో గేమ్‌దట. పైనుంచి ఇటుకలు పడుతుంటే పేర్చాలట. నా మొహం చూసి, "ఏందమ్మా, ఏమైంది?" అంది. ఆ పాట దాని పెద్దమ్మది, మా అక్కది. ఆ పెద్దమ్మను నా కూతురు చూడనే లేదు.

అప్పట్లో మద్దేడ్‌లో రోడ్డు పక్కనే మా ఇల్లు. లారీ మీద తిరిగే మా చిన్నాన్న ఒకసారి జగదల్‌పూర్ నుంచి టీవీకి తగిలించే ఆట డబ్బా ఒకటి తెచ్చాడు. పిల్లల కోసమే అన్నాడు గానీ కొన్నాళ్లపాటు ఆయన దాన్ని పిల్లల చేతికి ఇస్తే ఒట్టు. రంగురంగుల ఇటుకలు పైనుంచి జారుతుంటాయి, సందు చూసి కూర్చోబెట్టాలి, వరుస నిండితే మాయమవుతుంది. ఇంట్లో దోర్లీ తప్ప మరో భాష ఒప్పుకోని మా నానమ్మ కూడా ముందుకు వంగి చూసేది. కట్టిన గోడ కట్టినట్టే మాయమైతే వీడేం మేస్త్రీ అని ఆవిడ బాధ. మన రోడ్డు కాంట్రాక్టరు శిష్యుడై ఉంటాడని నాన్న సర్దిచెప్పేవాడు.

చివరికి ఆ డబ్బా మా అక్క సొంతమైంది. అక్క ఊళ్లో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. కత్తెర పట్టినా, నడిచినా, తిట్టినా ఒకటే వేగం. ఆటలోనూ అంతే. ఒక మెట్టు దాటగానే పాట ఆగి మళ్లీ మొదటికి వచ్చేది. అక్క చకచకా మెట్లు దాటేస్తుంటే ఆ మొదటి ముక్కే ఇల్లంతా మోగుతుండేది. నేను ఆడితే నాలుగు ఇటుకలకే గోడ నెత్తికెక్కేది, అందుకని నా పని పక్కన కూర్చుని చూడటమే. ఆ రాగానికి అక్క మాటలు కూడా కట్టింది. "జర్గు పిల్లా జర్గు, జరంత జర్గు, ఇధర్ సందున్నది, ఉధర్ జర్గు." ఇటుకలకు చెప్తున్నట్టే ఉన్నా అది నాకే. ఇద్దరిదీ ఒకే మంచం మరి, రోజూ పడుకునేముందు మోచేత్తో పొడుస్తూ ఆ పాటే. మా దగ్గరి పట్నం బీజాపూర్ పోయే జీపులో డ్రైవర్ మనుషుల్ని కుక్కుతుంటే అక్క నా చెవిలో అదే పాట సన్నగా అందుకునేది, నాకు నవ్వాగేది కాదు.

ఆ వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. మా వైపు జ్వరం చుట్టం లాంటిది, వస్తుంది, పోతుంది. ఇది పోలేదు. ఒక పొద్దున అక్క అమ్మను గుర్తుపట్టలేదు. దొరికిన జీపులో బీజాపూర్ తీసుకుపోయాం. సంతకు పోయేవాళ్లు ఎవరికి వారే సర్దుకుని వెనక సీటు మాకు వదిలేశారు. అక్క తల నా ఒళ్లో ఉంది. దారిలో కళ్లు తెరిచి నన్ను చూసి, "జర్గవే, నేను కూసుంట," అంది. నా అక్క నాకు తిరిగొచ్చిందని ఎంత సంతోషపడ్డానో. జరిగి తలుపుకు అతుక్కుని కూర్చున్నాను. అక్క లేచి నా భుజం మీద తల పెట్టుకుంది. నిద్రపోతోంది, లేపకు అంది అమ్మ. ఆసుపత్రి ముందు జీపు ఆగాక లేపితే లేవలేదు.

సాయంత్రానికి ఇల్లంతా జనం. వచ్చినవాళ్లందరూ నన్నే పట్టుకుని, ఏం జర్గింది బిడ్డా, ఏం జర్గింది అని అడిగారు. నేను ఒకటే చెప్పాను. "నేను జర్గిన. అక్క జర్గుమన్నది, జర్గిన." పిల్లకు మతి తప్పిందని ఎవరో మొహాన నీళ్లు కొట్టారు. పక్కకు తప్పుకోవడానికీ, ఇంటి మీద పిడుగు పడటానికీ ఒకే మాట పెట్టినవాడెవడో గానీ, వాడి మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. ఆట డబ్బాను చిన్నాన్న ఎక్కడికో తీసుకుపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఇదంతా చెప్తుంటే నా కూతురు వచ్చి చింతపండు పక్కన కూర్చుంది. ఆ ఆట మొదట పట్నాల్లో బిళ్ల వేసి ఆడే పెద్ద మిషన్లలో ఉండేదట. తర్వాత ఇళ్లలో టీవీకి పెట్టుకునే డబ్బాలకు మార్చినప్పుడు పాటను కూడా ఆ చిన్న డబ్బాకు తగ్గట్టు మళ్లీ కట్టారట. పెద్ద మిషన్ పాట వినిపించింది. దాని దరువూ ఆర్భాటమూ చూస్తే మాది కాదనిపించింది. మళ్లీ డబ్బా పాట పెట్టమన్నాను. ఈసారి గొంతు కలిపాను, అక్క మాటలు ఒక్కటీ పోలేదు. మాటలు అయిపోయిన చోట, పాట మొదటికి వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. నెమ్మదించి, నేనెన్నడూ వినని దారిలోకి తిరిగింది.

ఇదేంటి, తప్పుగా ఉందే అన్నాను.

"తప్పు కాదమ్మా, పాట ఇంకా ఉన్నది. లెవెల్ అయిపోతే మొదటికి వస్తది కదా. నిదానంగా ఆడేటోళ్లకే ఇదంతా వినపడతది," అంది నా కూతురు.

అక్క ఎప్పుడు నిదానంగా ఆడింది గనక? పాటకు ఇంత మిగిలి ఉందని తెలియకుండానే వెళ్లిపోయింది. ఆ మిగిలినదే ఎంతో బాగుంది, అదే నా బాధ. తెలిసి ఉంటే దానికీ మాటలు కట్టేది. నాకు కట్టడం రాదు. కూతురు తన చదువుకు వెళ్లిపోతూ ఆ పాటను నా ఫోన్లో వేసి ఇచ్చింది. పని మధ్యలో పెట్టుకుంటాను. అక్క మాటలున్నంతవరకూ పాడి, ఆ తర్వాత ఊరికే వింటాను. అలా విన్న ప్రతిసారీ నేను మా అక్కకంటే ఇంకొంచెం పెద్దదాన్నవుతున్నాను.