కీర్తనల పలక మీద పది

ఈ ఆదివారం పేపర్లో మూడు సంఖ్యలిచ్చి, కూడికో తీసివేతో గుణకారమో చేసి అడిగిన జవాబు రాబట్టమన్నారు. కాఫీ చల్లారిపోతున్నా వదల్లేక కూర్చున్నాను. మన ఈడు వాళ్ళకి ఇదేమంత కొత్త విద్య కాదు కదా. నాకైతే దీన్ని మా మేనత్త చర్చిలో నేర్పింది, అదీ పాస్టరుగారు ప్రసంగం చేస్తుండగా.

దొరవారిసత్రం దగ్గర మా ఊరి చర్చిలో, ఆ రోజు పాడబోయే మూడు కీర్తనల నంబర్లను గోడమీది పలకకి ఇంగ్లీషు అంకెల రేకులతో తగిలించేవారు. ఆ మూడింటిలో ఏదీ వదలకుండా, ఒక్కోసారి మాత్రమే వాడి పది తెప్పించాలి, అదీ మా ఆట. ఎప్పుడూ పదే ఎందుకంటే, పది ఆజ్ఞలు తలుచుకున్నట్టే లెక్క గనక పాపం అంటదని అత్త తీర్పు. ఆమె అరచేతిలో నేను వేలితో లెక్క రాస్తే, తప్పయితే నా చిటికెనవేలు మెలిపెట్టేది. కొన్ని వారాలు పది ఎంతకీ వచ్చేది కాదు, అప్పుడు ఇద్దరం పాస్టరుగారి మీద అలిగేవాళ్ళం.

అరవైల మొదట్లో పులికాట్‌ సరస్సులో పడవ మునిగి మా మామ పోయాడు. అత్త మా ఇంటికి వచ్చేసింది గానీ ఆమె మాట మాత్రం రాలేదు. పెడితే తినేది, పిలిస్తే చూసేది, అంతే. ఇట్లాగే కుమిలి కుమిలి ఇది కూడా పోతుందేమోనని మా జేజి, అదే నాయనమ్మ, మా నాయనతో అంటుంటే విన్నాక నాకు ముద్ద దిగేది కాదు. చర్చిలోనూ అత్త తల వంచుకునే కూర్చునేది. నేను పట్టు విడవకుండా వారం వారం ఆ చేయి లాక్కుని లెక్క రాస్తూనే ఉండేదాన్ని. అది చెక్కముక్కలా నా ఒళ్ళో పడి ఉండేది.

ఒక ఆదివారం పలక మీద నాలుగు, తొమ్మిది, పద్నాలుగు ఉన్నాయి. ఆ మూడింట్లో రెండోది పాడుతున్నారు. నేను కలిపాను, తీసేశాను, గుణించాను. తొమ్మిదొస్తుంది, ఇరవై రెండొస్తుంది, పది మాత్రం చచ్చినా రాదు. ఆ పది రాకపోతే అత్త ఇక ఎప్పటికీ మాట్లాడదని నాకు నేనే ఎందుకు తీర్మానించుకున్నానో ఏమో, ఆమె అరచేతిలోనే ముఖం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చేశాను.

ఆ చేయి కదిలింది. అత్త తలెత్తి పలక చూసింది, పాడుతున్న కీర్తన కాసేపు విన్నది.

"అది తొమ్మిది కాదే అమ్మీ," అన్నది, బొంగురు గొంతుతో. "వాళ్ళు పాడేది ఆరో కీర్తన. ఆరుని తలకిందులుగా తగిలించినారు. నాలుగార్లు వేసి పద్నాలుగు తీసెయ్యి."

ముందు వరసలో ఉన్న జేజి పాట ఆపి వెనక్కి తిరిగింది. నాకు లెక్క సంగతే గుర్తు లేదు. మళ్ళీ చెప్పు అత్తా అన్నాను, మళ్ళీ చెప్పింది. ఇంకోసారి అన్నాను, ఇంకోసారి చెప్పింది.

తర్వాత అత్త చాలా ఏళ్ళు బతికింది. మామని తలుచుకుని ఏడ్చింది, నవ్వింది, నన్ను తిట్టింది కూడా. ఇప్పుడు చర్చిలో పాట మొత్తం తెర మీదే కనిపిస్తుంది, మంచిదే. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా రోజంతా నోరు మెదపకుండా కూర్చుంటే, ఫోను చూసుకుంటున్నారులే అనుకుని, నేను కూడా పక్కనుంచి నడిచి వెళ్ళిపోతుంటాను.