పడవ ఇంజిన్ కారు

ఇంజిన్ మీద చెయ్యి వేయకముందు చెవి పెట్టడం మా మేనత్త అలవాటు. కారు వీధి మలుపు తిరుగుతుండగానే, లోపల ఏది వదులైందో చెప్పేసేది. మెకానిక్‌గా ఆమె బతుకంతా ఆ చెవుల మీదే నడిచింది. ఆ చెవులే ఒకసారి ఆమె కొంప ముంచబోయాయి.

రెండే సీట్లున్న పాత స్పోర్ట్స్ కారు అది. వెనక ఇంజిన్ ఉండాల్సిన చోట ఎలుకలు కాపురం పెట్టాయి. పాత ఇనుము వ్యాపారి దాన్ని అత్త షెడ్డులోకి తోయించి, పదిమంది ముందు పందెం కాశాడు. ఎండాకాలం పోయేలోగా అది ఎవరూ తోయకుండా, ఇంజిన్‌తో నడిచి గేటు దాటితే అత్తది. దాటకపోతే కోసి తూకానికి వేసుకుంటానన్నాడు. అత్తకు ఆ కారంటే ప్రాణం. దాని మీద ఎవరైనా టీ గ్లాసు పెడితే ఊరుకునేది కాదు.

ఆ కారుకు కంపెనీ ఇంజిన్ దొరకదు. అలాంటివి దాచుకునేవాళ్లు మా వీధిలోకి దారి తప్పి కూడా రారు. అత్త తుక్కు యార్డులన్నీ తిరిగి, పాత పడవలోంచి తీసిన ఇంజిన్ ఒకటి పట్టుకుంది. కొనేముందు స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని విన్నది. దాని గొంతు చూడమని నాతో ఒకటే మురిపెం. నా గొంతు ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా విన్నావా అని పక్కన మామయ్య దెప్పాడు. ఆయన దర్జీ.

ఆ తర్వాత ఇంట్లో అన్నం కన్నా గ్రీజు ఎక్కువ కనిపించింది. ఇంజిన్‌ని నిలబెట్టే బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేశాం. దాన్ని పాత గేరుబాక్సుకు కలపడానికి మందపాటి ప్లేటు తయారు చేయించాం. ఇంజిన్ మీది మూత పట్టకపోతే మామయ్య దాన్ని పక్కన పడేసి, మందపాటి కాన్వాసుతో ఇంజిన్‌కు చొక్కా కుట్టాడు. కొలతలు తీసుకుంటూ, ఈ కస్టమరు కనీసం కదలకుండా నిలబడ్డాడని మెచ్చుకున్నాడు.

గడువు రోజున వ్యాపారి గ్యాస్ కటింగ్ మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. అత్త సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది. షెడ్డు రేకులు దడదడలాడాయి. గేటు ఎదురుగా ఉంది. అత్త మొదటి గేరు వేసి క్లచ్ వదిలింది.

కారు వెనక్కి దూకి టైర్ల గుట్టను గుద్దింది.

మళ్లీ కాస్త ముందుకు తోసి పెట్టాం. ఈసారి రెండో గేరు వేసింది. ఇంకా జోరుగా వెనక్కి పోయింది.

“ఏమ్మా, గడప దాటాలంటే బండికి సిగ్గేస్తోందా?” అన్నాడు వ్యాపారి. కటింగ్ మనిషి కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

అత్త దిగి వెనక్కి వెళ్లి, కాన్వాసు ఎత్తి, తిరుగుతున్న ఇంజిన్ చక్రం కేసి చూసింది. చూసి చూసి పగలబడి నవ్వింది. కొన్ని పడవలకు రెండు ఇంజిన్లు ఉంటాయట. పడవ ఒక పక్కకు లాగేయకుండా ఒకటి ఇటు తిరిగితే, రెండోది అటు తిరుగుతుందట. మాకు దొరికింది ఆ రెండోది. విన్నంతసేపు విన్నదే గానీ, ఎటు తిరుగుతోందో ఆమె చూడనే లేదు. అది తిరగబడి తిరుగుతుంటే మరి గేర్లూ తిరగబడ్డాయి.

ఆమె మళ్లీ ఎక్కి రివర్స్ గేరు వేసింది.

కారు ముందుకు కదిలింది. మనిషి నడిచేంత వేగం, ఊరంతా వినిపించేంత గోల. దాని ముక్కు గేటు దాటింది, తలుపులు దాటాయి, మామయ్య కుట్టిన చొక్కా దాటింది. నేను ఏం అరిచానో నాకే తెలియదు.

“రివర్స్‌లో వచ్చిందమ్మా ఇది,” అన్నాడు వ్యాపారి.

“వచ్చిందా లేదా, అన్నా?” అంది అత్త.

ఆయన తల గోక్కుని, కటింగ్ మనిషిని ఇంటికి పొమ్మన్నాడు.

ఇంటిదాకా ఈ నత్తనడకేనా అని మామయ్య అడిగాడు. రేపు గేరుబాక్సు విప్పి, లోపలి పెద్ద పళ్లచక్రాన్ని రెండో వైపుకు మార్చి బిగిస్తే అన్నీ సర్దుకుంటాయంది అత్త.

“మరి ఇవాళ?”

“ఇవాళ వెనక్కి పోవడానికి నాలుగు గేర్లున్నాయి. ఎక్కవయ్యా.”

వీధి ఖాళీగా ఉంది. కారును అటూ ఇటూ తిప్పి, దాని వీపు ఇంటివైపు పెట్టింది. మొదటి గేరు, రెండోది, మూడోది. అత్త మెడ వెనక్కి తిప్పి నడుపుతోంది. మామయ్య మెడలో టేపు గాలికి ఎగురుతోంది. వాళ్లు దూరమైపోతున్నారు, కారు రెండు లైట్లూ మాత్రం వ్యాపారినే చూస్తూ వెళ్తున్నాయి.